ఒళ్లు నొప్పులకు వైద్యం వెతికేవారికి: చేయవలసినవి – చేయకూడనివి

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒళ్లు నొప్పుల మాట వినిపించని ఇల్లు అరుదు. కంపెనీలో షిఫ్టంతా నిలబడి పనిచేసేవారు, కూరగాయల మడుల్లో వంగి కలుపు తీసేవారు, ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీ తోలేవారు, అందరిదీ అదే బాధ. చాలామందికి నాలుగు రోజుల విశ్రాంతితో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం మూడు నెలలు దాటినా తగ్గదు. మెడ, భుజాలు, నడుము, తొడలు అన్నీ సలుపుతాయి. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టుండదు. మతిమరుపు మొదలవుతుంది. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు చూస్తే అంతా మామూలే. ఇంట్లోవాళ్లు ‘నీకేం లేదు’ అనేస్తారు.

ఇది ఫైబ్రోమయాల్జియా కావచ్చు. ప్రపంచంలో నూటికి సుమారు ఇద్దరిని బాధించే ఈ సమస్య ఆడవాళ్లలో ఎక్కువ. కండరానికి దెబ్బ తగలకపోయినా నొప్పి కబుర్లను మోసే నాడులు, వాటిని అందుకునే మెదడు అతిగా స్పందిస్తాయి. కాబట్టి నొప్పి కల్పన కాదు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు ఇంకా రాలేదు కానీ బాధను తగ్గించుకునే దారులు ఉన్నాయి. వైద్యం వెతుకుతూ డబ్బు, ఒళ్లు రెండూ గుల్ల చేసుకోకుండా ఉండటానికి ఈ జాగ్రత్తలు.

ముందు కారణం తేల్చుకోండి

చేయవలసినవి:

- నొప్పి ఎక్కడెక్కడ ఉంది, ఎన్నాళ్లుగా ఉంది, నిద్ర ఎలా ఉంది అన్నది ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకప్పుడు శరీరంపై 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటేనే ఫైబ్రోమయాల్జియా అనేవారు. ఇప్పటి పద్ధతిలో నొప్పి ఉన్న భాగాలను, అలసటను, నిద్రను, మతిమరుపును కలిపి లెక్కిస్తారు. అందుకే మీరు చెప్పే వివరాలకే విలువ ఎక్కువ.
- థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ డి లోపం, కీళ్లవాతం కూడా ఇలాంటి నొప్పులే తెస్తాయి. వాటికి చేసే మామూలు రక్త పరీక్షలు ఒకసారి చేయించుకోండి.
- కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ గోళీలు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. వాటితోనూ కండరాల నొప్పి రావచ్చు.
- ఈ మధ్య జ్వరం వచ్చిందేమో గుర్తు చేసుకోండి. 2006లో ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేసిన చికున్‌గున్యా తగ్గాక కూడా ఎందరికో నెలల తరబడి కీళ్ల నొప్పులు మిగిలాయి.
- ఘనపూర్‌లోని మెడిసిటీ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికులు ఆ కార్డును వాడుకోవాలి. కేసు తేలకపోతే పంజాగుట్ట నిమ్స్‌లో కీళ్లవాత వ్యాధులకు ప్రత్యేక విభాగం ఉంది.

చేయకూడనివి:

- ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు పదే పదే చేయించకండి. ఫైబ్రోమయాల్జియాను పట్టి చూపే రక్త పరీక్ష, స్కాన్ ఏదీ లేదు.
- డాక్టరును మార్చినప్పుడల్లా పాత చీటీలు దాచిపెట్టకండి. దాస్తే అదే మందు వేరే పేరుతో రెండోసారి రాసే ప్రమాదం ఉంది.

గోళీలు, సూదులు

చేయవలసినవి:

- మందు రాసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్లు వాడాలి? ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి? నేను వాడుతున్న మిగతా మందులతో పడుతుందా?
- మందు మీద ఆశ మితంగానే పెట్టుకోండి. ఫైబ్రోమయాల్జియాకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో ప్రెగాబలిన్‌కు, 2008లో డులాక్సెటిన్‌కు, 2009లో మిల్నాసిప్రాన్‌కు అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత మరో మందుకు అనుమతి రావడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. ప్రెగాబలిన్ వాడిన పదిమందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే అదనంగా దాదాపు ఒక్కరికే నొప్పి సగానికి తగ్గుతుంది. మీకు పనిచేయకపోతే అది మీ తప్పు కాదు, డాక్టరుతో మాట్లాడి మార్చుకోవచ్చు.
- ప్రెగాబలిన్ మొదలుపెట్టిన రోజుల్లో మగత, తల తిరగడం ఉంటాయి. బండి, లారీ, యంత్రం నడిపేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.
- కల్లు అలవాటు ఉంటే దాచకండి. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతూ పట్టుబడటం కొత్త కాదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అలాంటి కల్లు మీద ప్రెగాబలిన్, కండరాలు సడలించే గోళీలు పడితే ఊపిరే మందగించవచ్చు.

చేయకూడనివి:

- ఆర్‌ఎంపీ దగ్గర వారం వారం నొప్పి సూది వేయించుకోకండి. వెంటనే హాయిగా అనిపించే సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. అది ఫైబ్రోమయాల్జియాకు పనిచేయదు. నెలల తరబడి ఒంట్లోకి వెళితే మొహం ఉబ్బుతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి.
- డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి గోళీలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగకండి. ఈ నొప్పికి వాటి మేలు తక్కువ. కడుపులో పుండు పడటం, కిడ్నీ దెబ్బతినడం మాత్రం నిజం. బీపీ గోళీలు వాడేవారికి, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసేవారికి ముప్పు ఇంకా ఎక్కువ.
- ట్రమడాల్, టాపెంటడాల్ తెలిసినవాళ్లు ఇచ్చారని వేసుకోకండి. ఇవి అలవాటుగా మారతాయి. ట్రమడాల్‌ను కేంద్రం 2018లో మత్తు పదార్థాల చట్టం కిందికి తెచ్చింది. డులాక్సెటిన్‌తో ట్రమడాల్ కలిస్తే వణుకు, జ్వరం, అయోమయంతో ప్రాణం మీదికి రావచ్చు.
- ప్రెగాబలిన్, డులాక్సెటిన్, స్టెరాయిడ్ వీటిలో ఏదైనా నెలల తరబడి వాడాక ఒక్కరోజులో ఆపకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.
- విటమిన్ డి 60,000 యూనిట్ల గోళీ లేదా పొడి సాధారణంగా వారానికి ఒకటి. బలమొస్తుందని రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

నాటు మందులు, మర్దనలు, ప్రకటనలు

చేయవలసినవి:

- ఆయుర్వేద, యునాని, హోమియో మందు వాడుతుంటే ఇంగ్లిష్ మందు రాసే డాక్టరుకూ చెప్పండి. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో చూడండి.
- పేరులేని పొడితో రెండు రోజుల్లోనే నొప్పంతా పోయి, మానగానే రెట్టింపై తిరిగొస్తే అందులో స్టెరాయిడ్ కలిపారని అనుమానించండి. దాన్ని పారేయకుండా డాక్టరుకు చూపించండి.
- తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969. అబద్ధపు ప్రకటనల మీద, అనుమానం ఉన్న మందుల మీద అక్కడ ఫిర్యాదు చేయవచ్చు.

చేయకూడనివి:

- ‘నలభై రోజుల్లో శాశ్వతంగా నయం, లేకపోతే డబ్బు వాపస్’ అనే మాట నమ్మకండి. రుమాటిజం సహా ఎన్నో జబ్బులను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నేరమంటుంది.
- సెలూన్‌లో మెడ విరిపించుకోకండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిట్లవచ్చు. 2022లో హైదరాబాద్‌లో పార్లర్‌లో తల వెనక్కి వంచి జుట్టు కడిగించుకున్న ఒక మహిళకు పక్షవాత లక్షణాలు కనిపించాయి.
- ఎముక విరిగినవారికి కట్టే పసరు కట్టును ఒళ్లు నొప్పులకు కట్టించుకోకండి. షుగర్ ఉన్నవారికి బిగుతు కట్టు కింద పుండు పడినా తెలియదు.

చదివేటప్పుడు, వినేటప్పుడు

చేయవలసినవి:

- ‘కొత్త మందు కనిపెట్టారు’ అన్న వార్త చూస్తే, దాన్ని ఎవరి మీద పరీక్షించారో వెతకండి. శామీర్‌పేట దగ్గర పరిశోధన సంస్థలున్న జీనోమ్ వ్యాలీలోనే ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. జంతువుల మీద పరీక్ష మొదటి మెట్టు మాత్రమే. ఎలుకకు తగ్గిన నొప్పి మనిషికి తగ్గాలని లేదు.
- ఎంతమంది మీద, ఎన్ని వారాలు, దేనితో పోల్చి చూశారు అన్న మూడు సంగతులు ఉన్న వార్తకే విలువ ఇవ్వండి.

చేయకూడనివి:

- ‘నాకు తగ్గింది’ అన్న వీడియో చూసి మందు మొదలుపెట్టకండి. ఈ నొప్పి తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గే వారంలో ఏం తిన్నా అదే మందులా కనిపిస్తుంది.

ట్రయల్‌కు రమ్మని పిలిస్తే

శామీర్‌పేట మండలం తుర్కపల్లి చుట్టూ టీకాల, ఔషధాల పరిశోధన విస్తరించి ఉంది. ‘మందు ఉచితం, పైగా డబ్బులిస్తారు’ అంటూ కొత్త మందు పరీక్షకు (ట్రయల్‌కు) పిలుపు ఈ ప్రాంతంలో ఎవరికైనా రావచ్చు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను మియాపూర్‌లోని ఒక ల్యాబ్‌కు తెచ్చి, సరిగా చెప్పకుండా మందులు పరీక్షించారన్న ఆరోపణలు పెద్ద దుమారం రేపాయి. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ ల్యాబ్ అనుమతిని నిలిపివేశారు. అలాగని పరీక్షలన్నీ మోసమే అనుకోవద్దు. ఇవాళ వాడే ప్రతి మంచి మందూ ఎవరో ఒకరు పరీక్షకు ఒప్పుకుంటేనే వచ్చింది. ఒప్పుకునే ముందు హక్కులు తెలియాలి.

చేయవలసినవి:

- ట్రయల్‌కు సీటీఆర్‌ఐ నంబరు అడగండి. 2007లో మొదలైన ఈ జాతీయ రిజిస్ట్రీలో నమోదు 2009 నుంచి తప్పనిసరి. ఆ నంబరుతో వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.
- అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో ఇమ్మని అడగండి. చదవడం రాకపోతే ఆ సంస్థకు సంబంధం లేని సాక్షి ఉండాలి. దాని నకలు ఒకటి ఇంటికి తెచ్చుకోండి.
- ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఆ పత్రంలోనే ఉంటుంది. దాన్ని ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి.
- 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం ట్రయల్‌లో ఆరోగ్యం దెబ్బతింటే వైద్యం ఉచితంగా చేయాలి, ట్రయల్ వల్లే హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు.

చేయకూడనివి:

- ఏజెంటు మాట మీద సంతకం పెట్టకండి. డాక్టరు ఎదురుగా కూర్చుని వివరించాలి.
- డబ్బు కోసం ఒక ట్రయల్ సంగతి దాచి ఇంకోదానిలో చేరకండి. రెండు కొత్త మందులు ఒంట్లో కలిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.
- వాడుతున్న మందులను, గర్భాన్ని, జబ్బులను దాచకండి.

ఖర్చు లేని వైద్యం

చేయవలసినవి:

- యూరప్ కీళ్లవాత వైద్యుల సంఘం 2016లో సవరించిన సూచనల్లో గట్టిగా సిఫారసు చేసింది ఒక్క వ్యాయామాన్నే. అయిదు, పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి.
- నిద్ర వేళ కాపాడుకోండి. 1975లో టొరంటోలో ఆరోగ్యంగా ఉన్నవారిని గాఢనిద్రలోకి వెళ్లనీయకుండా చేస్తే కొన్ని రాత్రులకే వాళ్లకూ కండరాల నొప్పులు మొదలయ్యాయి. నైట్ షిఫ్టువారు పగలు గది చీకటి చేసుకుని, ఫోన్ పక్కన పెట్టి పడుకోవాలి.
- మనసు కుంగితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

చేయకూడనివి:

- నొప్పి తగ్గిన రోజున వారం పనంతా ఒకేసారి చేయకండి. మర్నాడు మంచం దిగలేరు. అలాగని రోజంతా పడుకోనూ వద్దు, కండరాలు ఇంకా బలహీనపడతాయి.

వెంటనే ఆసుపత్రికి

ఈ లక్షణాలు కనిపిస్తే ఫైబ్రోమయాల్జియా అనుకుని ఆగవద్దు: కాళ్లు చచ్చుబడటం, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం, నల్లటి విరేచనం, నొప్పితో పాటు తీవ్రమైన జ్వరం, ఛాతీ నుంచి చేతికి లేదా దవడకు పాకే నొప్పి. 108కి ఫోన్ చేయండి. కీళ్లు వాచి, పొద్దున గంటకు మించి బిగుసుకుపోతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆ వారంలోనే డాక్టరును కలవండి.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. నొప్పి ఉన్న మనిషిని ‘నీకేం లేదు’ అనకండి. ఆ మాట పడలేకే చాలామంది వారం వారం సూదికి, పేరులేని పొడికి వెళతారు. ఈసారి దవాఖానకు తోడు వెళ్లి, డాక్టరు చెప్పేది మీరూ వినండి.