ఇంటి కప్పుకు తెల్ల పూత: స్లాబ్ పడ్డ ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారుల కోసం



ఏ దశలో ఫొటో తీయించుకోవాలి, ఏ బిల్లు ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్లే మాకు ఎక్కువ. ఈ పాఠం బిల్లు గురించి కాదు. స్లాబ్ పడి ఇల్లు పూర్తయ్యాక ఆ ఇంట్లో మీరు ఎన్నో ఎండాకాలాలు గడపాలి కదా, దాని గురించి. ముఖ్యంగా పట్టణాల్లో, ఇంటికి ఇల్లు ఆనుకుని ఉన్న బస్తీల్లో కట్టుకుంటున్నవాళ్లు చదవాలి. చదవడం రానివాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

కొత్త ఇంట్లోకి మారిన పెద్దవాళ్లు కొందరు ఒక మాట అంటుంటారు: "రేకుల కిందే నయం బిడ్డా, రాత్రికి చల్లబడేది." అది వట్టి సణుగుడు కాదు, అందులో నిజముంది. రేకు పలుచన. ఎండకు వెంటనే కాలుతుంది, పొద్దు గూకగానే వెంటనే చల్లారుతుంది. స్లాబ్ అలా కాదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా వేడిని తాగుతుంది. మధ్యాహ్నం పైన చెయ్యి పెట్టలేం. ఆ వేడి లోపలివైపుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట గాలి తిరిగే వేళకు లోపల ఉక్క మొదలవుతుంది. ఫ్యాన్ వేస్తే కప్పు కింద ఉన్న ఆ వేడి గాలినే మన మీదికి కొడుతుంది. పాత పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి వేడి బయటికి పోయేది, స్లాబ్ ఇంట్లో దానికి దారి లేదు.

రాత్రి వేడిని తేలిగ్గా తీసుకోవద్దు. పగలు ఎండలో పనిచేసిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మర్నాటికి కోలుకుంటుంది. ముసలివాళ్లు, పసిపిల్లలు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు వరుసగా నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే తట్టుకోలేరు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో మామూలు కన్నా 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయారని తర్వాత లెక్క తేలింది. ఆ దెబ్బతోనే 2013లో ఆ నగరం ఎండల కోసం ప్రత్యేక ప్రణాళిక చేసుకుంది, తర్వాత పేదల బస్తీల్లో కప్పులకు తెల్ల రంగు వేయించింది. మన దగ్గర 2015 మే వడగాలులు గుర్తున్నాయి కదా, రెండు తెలుగు రాష్ట్రాల్లో వందల మంది పోయారు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక మాట. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోతే కుటుంబానికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియాను 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. అలాంటి కష్టం ఎవరికీ రావద్దు. వస్తే మాత్రం తహసీల్దార్ ఆఫీసులో వెంటనే తెలియజేయండి, ఆసుపత్రి కాగితాలు ఒక్కటి కూడా పారేయొద్దు. రోజులు గడిచాక వడదెబ్బే అని చూపించడం కష్టమవుతుంది.

తెలుపు ఏం చేస్తుంది?

ఎండలో నల్ల చొక్కా, తెల్ల చొక్కా తేడా అందరికీ తెలుసు. కప్పుకూ అంతే. పాతబడిన బూడిద రంగు స్లాబ్ మీద పడిన ఎండలో నూటికి 70 పాళ్లకు పైగా లోపలికే పోతుంది. మంచి తెల్ల పూత కొత్తలో దాదాపు అంతే ఎండను తిప్పి పంపేస్తుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి. ఏసీ కాదు గానీ, నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఆ రెండు డిగ్రీలే తేడా చేయొచ్చు.

దీన్ని చూసే 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఇలా మార్చాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలకు తప్పనిసరి. అంతకన్నా చిన్న స్థలంలో కట్టే ఇంటికి మీ ఇష్టం.

ఈ చివరి వాక్యం మళ్లీ చదవండి. "కూల్ రూఫ్ వేయిస్తేనే చివరి బిల్లు పాసవుతుంది, నాకు తెలిసిన మనిషి వేస్తాడు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు, పైసా ఇవ్వొద్దు.

ఖర్చు ఎంత, ఎలా వేయాలి?

విధానం ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. 400 చదరపు అడుగుల కప్పు అంటే 37 చదరపు మీటర్లు. అంటే దాదాపు 11 వేలు. ఈ ఖర్చు మీ చేతి నుంచే అనుకుని లెక్క వేసుకోండి. పెయింట్ డబ్బా మీద ఎన్నేళ్లు నిలుస్తుందో, ఎన్ని కోటింగులు వేయాలో చూసి కొనండి. గోడకు వేసే మామూలు తెల్ల రంగు కప్పు మీద ఎండకూ వానకూ నిలవదు.

అంత పెట్టలేనివాళ్లకు సున్నం ఉంది. మన తాతల కాలం నుంచీ ఉన్నదే. గడ్డ సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, రంగుల దుకాణంలో దొరికే జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. నీళ్లలో సున్నం కొంచెం కొంచెంగా వేయండి, సున్నం మీద నీళ్లు గుమ్మరించొద్దు. కుతకుత ఉడికి పైకి చిమ్ముతుంది, కళ్లలో పడితే చూపు పోవచ్చు. ఇనుప డ్రమ్ము వాడండి, ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. సున్నం చవక, కానీ వాన కడిగేస్తుంది కాబట్టి ఏటా వేసుకోవాలి.

ఏది వేసినా ముందు కప్పు కడగాలి. నేను మా ఇంటి మీద ఈ తప్పే చేశాను. ఆదివారం ఒక్కరోజే సెలవు, చీపురుతో పైపైన ఊడ్చి పెయింట్ వేసేశాను. తొలకరికి పొరలు పొరలుగా లేచొచ్చింది. దుమ్ముకు అంటిన రంగు దుమ్ముతోనే పోయింది. నాచు ఉంటే ఇనుప బ్రష్‌తో గీకండి, పగుళ్లు ముందే పూడ్పించండి, పూర్తిగా ఆరాక సాయంత్రం పూట వేయండి. కొత్త స్లాబ్ అయితే క్యూరింగ్ పూర్తయి, కనీసం 28 రోజులు గడిచి, తడి ఆరేదాకా ఆగండి. వేశాక కూడా దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు, ఎండాకాలంలో అప్పుడప్పుడు కడుక్కోవాలి.

పడమటి గోడ సంగతి కూడా చూసుకోండి. మధ్యాహ్నం ఎండంతా దాని మీదే. చెట్టుకు జాగా ఉంటే కానుగ మంచి నీడ. లేకపోతే చిక్కుడో దొండో పందిరి అల్లించండి, గోడకు నీడా వస్తుంది, కూరా వస్తుంది.

కప్పు మీద 1 సెంటీమీటరు వాన పడితే మన 37 చదరపు మీటర్లకు 370 లీటర్ల నీళ్లు. పైపు దించి ఇంకుడు గుంతకు కలపండి, పునాదికీ సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా. సున్నం కొట్టాక పడే మొదటి వానల నీళ్లు మాత్రం తాగడానికి పట్టుకోవద్దు.

ఇక ఇల్లు కట్టగా మిగిలిన మట్టి, సిమెంటు పెళ్లలు. ట్రాక్టర్ వాళ్లు చీకటి పడ్డాక దగ్గర్లోని కుంటలో పోసి వస్తారు. మనం డబ్బులిస్తాం, ఎక్కడ పోశావని అడగం. హైదరాబాద్ అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ఇలాగే చెత్తతో, శిథిలాలతో పూడిపోయింది. 2025లో హైడ్రా తవ్వితే కిందనుంచి నీళ్లు పైకొచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో కుంటను మళ్లీ ప్రారంభించారు. తవ్వకానికి, గట్లకు ప్రజల సొమ్మే ఖర్చయింది. నీళ్లున్న కుంట చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుంది, బోర్లకు నీళ్లందిస్తుంది, పెద్ద వానకు వీధిలోకి వచ్చే నీటిని తనలో పట్టుకుంటుంది. ట్రాక్టర్ మాట్లాడుకునేటప్పుడే ఎక్కడ పోస్తావో అడగండి. శిథిలాలు ఎక్కడ వేయాలో మున్సిపాలిటీలో చెబుతారు.

పూత వేయడానికి సంక్రాంతి నుంచి ఉగాది లోపు మంచి సమయం, వాన భయం తక్కువ, పెద్ద ఎండలు ఇంకా రావు. సందేహాలుంటే మీ వార్డు ఆఫీసర్‌ను గానీ హౌసింగ్ ఏఈని గానీ అడగండి. పూత పేరు చెప్పి ఎవరైనా డబ్బులు అడిగితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రాసివ్వండి, రసీదు తీసుకోండి.