బిల్లు ఎప్పుడు చట్టమగును?

అత్యాచారమునకు 21 దినములలో శిక్ష యను మాట పంచాయతీ సభ్యులలో అనేకులు వినియే యుందురు. 2019 నవంబరులో శంషాబాదు వద్ద జరిగిన ఘోరము పిమ్మట, డిసెంబరు 13వ తేదీన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించెను. తిరుగులేని సాక్ష్యమున్నచో 7 పనిదినములలో దర్యాప్తు, 14 పనిదినములలో విచారణ ముగియవలెననియు, మరణశిక్ష విధింపవచ్చుననియు అందు కలదు. జాప్యము న్యాయమును హరించునని బిల్లును కోరినవారి వాదము. అంత స్వల్పకాలములో నిందితుడు తన వాదము వినిపింపజాలడని ఇతరుల శంక. రెండును త్రోసిపుచ్చదగినవి కావు.

అయితే ఆ బిల్లు చట్టము కాలేదు. నేరశాసనము ఉమ్మడి జాబితాలోనిది. పార్లమెంటు చట్టమునకు భిన్నముగా రాష్ట్రము చేసిన శాసనము చెల్లవలెనన్నచో, రాజ్యాంగము 254వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ఆమోదము కావలెను. అది లభింపలేదు. బిల్లు సవరింపదలచిన పాత శిక్షాస్మృతి స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. నేడు అత్యాచార కేసులలో దర్యాప్తునకు 2 మాసములు, అభియోగపత్రము దాఖలైన పిదప విచారణకు 2 మాసములు గడువు.

గడువు వ్రాసినంతనే పని జరుగునా? విశాఖపట్నములో వెలువడిన యొక తీర్పును చూడుడు. 2007 ఆగస్టు 20న, నాటి విశాఖ జిల్లాలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారము చేసిరని 11 మంది ఆదివాసి స్త్రీలు ఫిర్యాదు చేసిరి. విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానము 2023 ఏప్రిల్ 6న, అనగా దాదాపు 16 సంవత్సరములకు, నిందితులను నిర్దోషులుగా విడుదల చేసెను. దర్యాప్తు సక్రమముగా జరుగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారము చెల్లింపవలెనని ఆదేశించెను. దర్యాప్తు మొదటనే చెడినచో ఫిర్యాదులోని నిజానిజములు ఏ న్యాయస్థానము తేల్చగలదు? ఎంత కఠినశిక్ష వ్రాసియున్నను అది కాగితమునందే యుండును.

కనుక శిక్ష యెంత యనుదానికంటె మొదటి దినము ఏమి జరిగినదనునదే ముఖ్యమని మా అభిప్రాయము. ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులోనైన ఇయ్యవచ్చును. తమ పరిధి కాదని త్రిప్పి పంపరాదు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. సమాచారమందిన 24 గంటలలో, ఆమె సమ్మతితో, వైద్యపరీక్షకు పంపవలెను. అంతవరకు ఆమె బట్టలు ఉతుకరాదు. ఇది రాజీకి వీలులేని నేరము. రచ్చబండపై తగవు తీర్చుటకు పెద్దమనుష్యులకు అధికారము లేదు. పంచాయతీ సభ్యులు చేయదగినది, వెంటనే బండి కుదిర్చి, ఆమెకు తోడుగా ఒక సభ్యురాలిని పంపుట. న్యాయవాదిని పెట్టుకొనుటకు సొమ్ము లేదని వెనుదీయనక్కరలేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు ఉచితముగా న్యాయసహాయము చేయును.