ఆ చిన్నమాట ఎవరికోసం: ఆర్టికల్స్ గురించి ఒక మాస్టారి అనుభవ పాఠాలు

వాక్యం చక్కగా కట్టే పిల్లలు కూడా ఆర్టికల్ దగ్గరికి వచ్చేసరికి తడబడటం తరగతి గదిలో ఏళ్ల తరబడి చూశాను. గ్రామర్ పుస్తకం రూల్స్ చెబుతుంది. ఆ రూల్స్ వెనకున్న ఆలోచన కొంత చెప్పాలని నా కోరిక.

1. ముందు వినేవాణ్ణి తలుచుకోండి.
ఫలానా నామవాచకానికి ఏ ఆర్టికల్ పెట్టాలని అడక్కండి. నేను దేని గురించి చెబుతున్నానో ఎదుటివాడికి తెలుసా అని అడగండి. ‘ఐ బాట్ ఎ బుక్’ అంటే అది ఏ పుస్తకమో మీకింకా తెలియదు. ‘ఐ లాస్ట్ ది బుక్’ అంటే మనిద్దరికీ తెలిసిన పుస్తకమే పోయింది. తెలుగులో ఆర్టికల్స్ లేవని భయపడతారు గానీ, ఈ తేడా మన నోట్లో ఎప్పుడూ ఆడేదే. ‘రాత్రి పుస్తకం చదివాను’ అంటే ఏదో ఒకటి చదివామని. ‘పుస్తకాన్ని చదివాను’ అన్నామంటే ఫలానా పుస్తకం మనసులో ఉన్నట్టే. ప్రాణంలేని వస్తువుల పేర్లకు ద్వితీయా విభక్తి చేర్చడంలోనూ మానడంలోనూ మనం ఈ పని చాలామటుకు చేసేస్తున్నాం.

2. అక్షరాన్ని కాదు, శబ్దాన్ని చూడండి.
యాన్ అవర్, ఎ యూనివర్సిటీ, ఎ వన్ రుపీ కాయిన్ అందరికీ తెలిసినవే. చిక్కంతా పొడి అక్షరాల దగ్గర. యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎఫ్ఐఆర్ అనాలి. మనం ‘యెమ్మెల్యే’, ‘యెఫ్ఐఆర్’ అని పలుకుతాం కాబట్టి ముందు హల్లు ఉందని చెవి పొరబడుతుంది.

3. రెండు పదవులా, ఒక్క మనిషా?
సంఘాల నిబంధనలు, కమిటీ తీర్మానాలు రాసేవాళ్లు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. ‘ది సెక్రటరీ అండ్ ట్రెజరర్’ అంటే రెండు బాధ్యతలూ మోసే ఒకే వ్యక్తి, క్రియ ఏకవచనం. ‘ది సెక్రటరీ అండ్ ది ట్రెజరర్’ అంటే ఇద్దరు. చెక్కు మీద ఒక సంతకం చాలా, రెండు కావాలా అన్నది ఆ రెండో ‘ది’ తేల్చేస్తుంది. ఇలాంటిచోట తొందరపడకూడదు.

4. లేని ‘ది’ కూడా మాట్లాడుతుంది.
1967 నవంబర్ 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానం చేసింది. ఆ యేటి యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలన్నది అందులో ఒక అంశం. ఇంగ్లీషు పాఠంలో ‘టెరిటరీస్’ ముందు ‘ది’ లేదు. లేదు కాబట్టి ఆక్రమించినదంతా వదలాలని అర్థం రాదని ఒక పక్షం వాదించింది. ఫ్రెంచి పాఠంలో ఆ మాట ముందు ‘దె’ అనే ఆర్టికల్ ఉంది కాబట్టి అన్ని భూభాగాలూ అనే అర్థమని రెండో పక్షం పట్టుబట్టింది. దేశాల సరిహద్దుల మీద దశాబ్దాల వాదం ఒక ఆర్టికల్ చుట్టూ తిరిగింది. ఆర్టికల్ అంటే అలంకారమని ఎవరైనా అంటే నేనీ తీర్మానాన్నే చూపిస్తాను.

1969లో చంద్రుడి మీద అడుగుపెడుతూ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న ‘వన్ స్మాల్ స్టెప్ ఫర్ మ్యాన్’ అనే మాట కూడా ఇలాంటిదే. ‘ఎ మ్యాన్’ అంటే ఒక మనిషి. ఉత్త ‘మ్యాన్’ అంటే మానవజాతి. తాను ‘ఎ’ అనే అనాలనుకున్నానని ఆయన చెప్పాడు. రికార్డింగులో మాత్రం అది స్పష్టంగా వినిపించదు.

5. ‘ఫ్యూ’కూ ‘ఎ ఫ్యూ’కూ మధ్య మనసు ఉంది.
‘హి హాజ్ ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే స్నేహితులు పెద్దగా లేరన్న లోటు వినిపిస్తుంది. ‘ఎ ఫ్యూ’ అంటే కొందరున్నారన్న ఊరట. సిఫార్సు ఉత్తరం రాసేటప్పుడు ఆ ‘ఎ’ జారిపోతే పాపం పిల్లవాడి భవిష్యత్తుకే దెబ్బ.

6. స్థలమా, పనా?
‘ఇన్ హాస్పిటల్’ అంటే రోగిగా ఉన్నాడని, ‘ఇన్ ది హాస్పిటల్’ అంటే ఆ భవనంలో ఉన్నాడని బ్రిటిష్ వాడుక. అమెరికాలో రోగికీ ‘ది’ పెడతారు. అక్కడ చదివే మనవలు అలా రాస్తే దిద్దకండి, వాళ్లు రాసిందీ సరైనదే. ఒకరికే దక్కే పదవికి నియమించారని చెప్పేటప్పుడు మాత్రం ‘అపాయింటెడ్ కలెక్టర్ ఆఫ్ గుంటూరు’ అంటే చాలు, ఆర్టికల్ అక్కర్లేదు.

7. పేర్ల ముందు.
నదులకు ‘ది గోదావరి’, ‘ది కృష్ణా’. పర్వతశ్రేణికి ‘ది హిమాలయాస్’, ఒంటరి శిఖరం ఎవరెస్టుకు ఏమీ వద్దు. ఉక్రెయిన్‌కు ముందు ‘ది’ ఉండేది. 1991లో స్వతంత్ర దేశమయ్యాక దాన్ని వదిలేశారు. ‘ది’ ఉంటే తమ దేశం వేరొకరి ఏలుబడిలోని ప్రాంతమన్నట్టు వినిపిస్తుందని అక్కడివాళ్ల అభ్యంతరం. నాకు బాగా ఇష్టమైనది మరొకటుంది: ‘ఎ మిస్టర్ రావ్ కాల్డ్’. ‘రావుగారట, ఎవరో ఫోన్ చేశారు’ అని మనం అనేదాన్ని ఇంగ్లీషువాడు ఒక్క ‘ఎ’తో అనేశాడు.

8. సాధన.
మంచి ఇంగ్లీషు పత్రికలోంచి ఒక పేరా తీసుకుని ఆర్టికల్స్ అన్నీ వదిలేసి నోటుబుక్కులో రాసుకోండి. మర్నాడు మీ అంతట మీరు నింపండి. తేడా వచ్చినచోట రూలు వెతకడానికి ముందు, ఆ రచయిత పాఠకుడికి ఏం తెలుసనుకున్నాడో ఆలోచించండి. కొన్నిచోట్ల మీదీ ఆయనదీ రెండూ చెల్లుతాయి. అలాంటి వాక్యాలకు గుర్తు పెట్టుకుని, రెండు రకాలుగానూ గట్టిగా చదివి చూడండి.