ఇంటర్వ్యూ ముందురోజు ముఖానికి నిమ్మరసం వద్దు

రేపు ఇంటర్వ్యూ అనగా ఈ రాత్రి సెనగపిండిలో నిమ్మకాయ పిండి ముఖానికి పట్టించేవాళ్లు చాలామంది. తినేదే కదా, ఏమవుతుందిలే అన్న ధీమా. కానీ కడుపు తట్టుకున్నదల్లా ముఖం తట్టుకోదు. చర్మం పైపొర పీహెచ్ సుమారు 5 ఉంటుంది. నిమ్మరసానిది 2 దగ్గర. కొందరు రాసుకునే వంటసోడా నీళ్లది 8 దాటుతుంది. నిమ్మరసం మంట పుట్టిస్తుంది, వంటసోడా చర్మాన్ని పొడిబార్చేస్తుంది.

నా దిగులంతా ఎండలో తిరిగి పనిచేసేవాళ్ల గురించే: డెలివరీ కుర్రాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, మెడికల్ రెప్‌లు, ఆశా కార్యకర్తలు. నిమ్మజాతి కాయల్లో, తొక్కలో మరీ ఎక్కువగా, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. అదీ అప్పటికప్పుడు కాదు, ఒకటి రెండు రోజులు గడిచాక. అందుకే నిమ్మకాయ మీదికి అనుమానం పోదు, సబ్బు పడలేదనుకుంటారు. బొబ్బ మానినా నల్లమచ్చ నెలల తరబడి పోదు. చామనచాయ చర్మానికి ఇలా మచ్చపడే గుణం ఎక్కువ.

నూరిన వెల్లుల్లి మొటిమ మీద పెడితే నిజంగానే కాలుతుంది. టూత్‌పేస్టూ అక్కడ పెట్టేది కాదు. ఫేస్‌క్రీములో స్టెరాయిడ్ పూతమందు కలుపుకునే అలవాటు వీటన్నిటికన్నా ప్రమాదం. మొదట ముఖం తేటపడినట్టే ఉంటుంది, పోనుపోను చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మానేస్తే మొటిమలు విరగబడతాయి. డాక్టరు రాయనిదే దాన్ని ముట్టుకోవద్దు.

ఉద్యోగానికి వెళ్లే ముఖానికి ఘాటులేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చాలు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ మళ్లీ రాయాలి. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి కనీసం రెండు రోజులు చూడండి. ఇంటర్వ్యూకో పెళ్లికో వారం ఉందనగా మాత్రం ఏ ప్రయోగమూ వద్దు.

ఇప్పటికే మండుతుంటే చల్లని మామూలు నీళ్లతో బాగా కడగండి. రుద్దొద్దు, ఐసు పెట్టొద్దు, దాని మీద ఇంకో చిట్కా అసలే వద్దు. బొబ్బలొచ్చినా, కంట్లో పడినా అరపూట సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రైవేటు ఫీజు బరువైతే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. ఏం రాసుకున్నారో, ఎప్పుడు రాసుకున్నారో సిగ్గుపడకుండా చెప్పండి. సగం వైద్యం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.