బండికి మోటారు బిగించే ముందు

మూడేళ్ళ క్రితం మన సొసైటీ తరఫున ముగ్గురికి రిక్షా బండ్లు ఇచ్చిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. వాటిలో ఒకదానికి, మోకాళ్ళ నొప్పులతో తొక్కలేకపోతున్న ఒక చాచా కోసం, కరెంటు మోటారు కూడా పెట్టించాం. ఆ సీజన్‌లో మోటారు రెండుసార్లు కాలింది. రెండుసార్లూ బాగుచేయించి నడిపించాం. వానలు పడ్డాక జులైలో షెడ్డులో పెట్టిన బండిని మళ్ళీ మార్చిలో బయటికి తీస్తే అంగుళం కదల్లేదు. నాలుగు బ్యాటరీలూ చచ్చిపోయాయి. అమ్మినవాళ్ళు వాడకం సరిగా లేదన్నారు. చాచా ఏమీ అనకుండా మళ్ళీ తొక్కుడు మొదలుపెట్టారు.

అది జకాత్ సొమ్ము. ఇచ్చినవారు మన చేతిలో పెట్టిన అమానత్. తప్పు చాచాది కాదు, లెక్క వేయకుండా కొన్న మాది. ఈ ఏడాది ఇంకో ఇద్దరు మోటారు బండి అడుగుతున్నారు కనుక ఆ లెక్కేదో ఇప్పుడైనా రాసిపెడుతున్నాం. పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తున్నవారికి ఇది చాలా తేలిక.

ముందు బరువు. బండి 90 కిలోలు, నడిపే మనిషి 60, ఇరవై కిలోల మామిడి ట్రేలు పది, అంటే 200. మొత్తం 350 కిలోలు. టైర్లలో గాలి సరిగా ఉండి, రోడ్డు చదునుగా ఉంటే బండిని కదుపుతూ ఉండడానికి దాని బరువులో సుమారు నూటికి రెండు వంతుల లాగుడు చాలు. 350ని 9.8తో, మళ్ళీ 0.02తో గుణిస్తే దాదాపు 69 న్యూటన్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 4.17 మీటర్లు. ఈ రెండింటినీ గుణిస్తే 287 వాట్లు. మోటారులో, గొలుసులో, కంట్రోలర్‌లో నాలుగో వంతు పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి 380 వాట్లు తీయాలి. ఇంతవరకు భయపడాల్సిందేమీ లేదు.

మన నూజివీడు చుట్టుపక్కల నేల బల్లపరుపు కాదన్నది అసలు సమస్య. ఆగిరిపల్లి వైపు పోయినా, తోటల్లోంచి ఎర్రమట్టి దారి మీద రోడ్డుకు ఎక్కినా మెరక తప్పదు. ఇరవై మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే చోట అదనంగా 171 న్యూటన్లు కావాలి. మొత్తం 240. చదును మీద కావలసినదానికి మూడు రెట్లు పైమాటే. వేగం 8 కిలోమీటర్లకు తగ్గించినా బ్యాటరీ నుంచి 710 వాట్లు పోతాయి.

ఇక చక్రం తిరిగే బలం చూడాలి. 26 అంగుళాల చక్రం వ్యాసార్ధం 0.33 మీటరు. 240 న్యూటన్లను దానితో గుణిస్తే 79 న్యూటన్ మీటర్లు. సైకిళ్ళకు చక్రం మధ్యలో బిగించే 250 వాట్ల హబ్ మోటారు ఇచ్చేది సాధారణంగా 30, 40 మాత్రమే. అప్పుడు మోటారు తిరగదు, కరెంటు మాత్రం పోతూనే ఉంటుంది, అదంతా వేడిగా మారి చుట్ట కాలుతుంది. చాచా మోటారు రెండుసార్లు కాలింది ఇందుకే. వాట్లు చూశామే గానీ మెరక చూడలేదు.

అందుకని గేర్లతో వేగం తగ్గించి బలం పెంచే మోటారే కావాలి. ఆ చక్రం 15 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 120 చుట్లు తిరుగుతుంది. మోటారు 3000 చుట్లదైతే మధ్యలో ఇరవై ఐదింట ఒక వంతుకు తగ్గించాలి. ఈ-రిక్షాలకు డిఫరెన్షియల్‌తో కలిపి వచ్చే 48 వోల్టుల బ్రష్‌లెస్ మోటారు గట్టిదే. కాని దాన్ని చిన్న చక్రాలకు తగ్గట్టు చేస్తారు. మన పెద్ద చక్రాలకు అలాగే బిగిస్తే వేగం పెరిగి లాగుడు తగ్గిపోతుంది. చిన్న చక్రాలైనా వేయాలి, గొలుసుతో ఇంకొంతైనా తగ్గించాలి. ఇరుసు పని విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. రిక్షా బ్రేకులు ఇంత బరువును ఆపలేవు, అవి కూడా మార్చాల్సిందే.

వోల్టులు ఎక్కువైతే ఏం లాభమని కొందరు అడిగారు. 710 వాట్లకు 24 వోల్టుల మీద 30 ఆంపియర్లు, 48 మీద 15 ఆంపియర్లు పోతాయి. కరెంటు సగమైతే అదే తీగలో వేడి నాలుగో వంతవుతుంది. అందుకే 48.

బ్యాటరీ సంగతికి వద్దాం. గంటకు 380 వాట్లతో 15 కిలోమీటర్లు పోతే కిలోమీటరుకు 25 వాట్ అవర్లు. రోజుకు 30 కిలోమీటర్లకు, మెరకలు కలుపుకుని, 800 పెట్టుకుందాం. సీసం బ్యాటరీని రోజూ సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పోతుంది కనుక 1600 వాట్ అవర్లవి కొనాలి. 12 వోల్టులవి నాలుగు, సుమారు 45 కిలోల బరువు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే ఎనభై శాతం వాడుకోవచ్చు. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, పదహారు వరుసగా కలిపితే 51.2 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు, 1024 వాట్ అవర్లు, పన్నెండు కిలోల లోపు. అంటే ఒకటిన్నర ట్రే కాయ అదనంగా పడుతుంది. కొనేటప్పుడు ధర ఎక్కువే.

అయినా మేము లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వైపే మొగ్గడానికి కారణం బరువు కాదు, మామిడి. మన బండ్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊపిరాడకుండా తిరుగుతాయి, తర్వాత నెలల తరబడి పడి ఉంటాయి. సీసం బ్యాటరీని చార్జింగ్ దిగిపోయిన స్థితిలో వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ చార్జింగ్ పట్టదు. చాచా షెడ్డులో జరిగింది అదే. నిండా చార్జ్ చేసి పెట్టి, నెలకోసారి మళ్ళీ ఎక్కించమని ఆయనకు మేమెవ్వరం చెప్పలేదు. ఫాస్ఫేట్ ప్యాక్‌ను సగం చార్జింగ్‌తో, కనెక్షన్ తీసి, నీడలో పెట్టి, రెండు మూడు నెలలకోసారి చూసుకుంటే నిలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఆ వెంటనే విజయవాడలో స్కూటర్ బ్యాటరీలు ఇళ్ళలో పేలి ప్రాణాలు పోయాయి. లిథియంలో ఫాస్ఫేట్ రకం వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది గానీ నిర్లక్ష్యానికి ఏదీ ఓర్చుకోదు. రక్షణ సర్క్యూట్ అయిన బీఎంఎస్ లేని ప్యాక్ వద్దు. ఏఐఎస్ 156 ప్రమాణం ప్రకారం పరీక్షించినట్టు కాగితం అడగాలి. కంట్రోలర్ పరిమితి బీఎంఎస్ పరిమితికి లోపే ఉండాలి, మన బండికి 20, 25 ఆంపియర్లు చాలు. మధ్యలో ఫ్యూజు తప్పనిసరి. పదహారు సెల్‌ల ప్యాక్‌కు 58.4 వోల్టుల దగ్గర ఆగే దాని చార్జరే వాడాలి, పాత సీసం చార్జర్ తగిలించకూడదు. పడకగదిలో చార్జింగ్ పెట్టవద్దు, ఎండలో తిరిగొచ్చిన వెంటనే కూడా పెట్టవద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని బజారులో అందరూ అంటారు. ఆ మినహాయింపు రెండు చక్రాలవాటికే. సరుకు మోసే మూడు చక్రాల ఈ-కార్ట్‌కు 2014 నుంచి వేరే నిబంధనలున్నాయి. కనుక సామాను కొనకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగాలి, కొన్న తర్వాత కాదు.

రిక్షా తొక్కేవారి శ్రమ తగ్గించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో అనిల్ రాజవంశీ గారి నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ గేర్లున్న తేలికపాటి రిక్షాను, మోటారు సాయంతో నడిచే రిక్షాను కూడా తయారుచేసింది. ఆ మొదటి పద్ధతి మాకు నచ్చింది. అడిగిన ఇద్దరిలో ఒకరు చిన్నవారు, ఊళ్ళోనే తిరుగుతారు. ఆయనకు గేర్లు, మంచి బేరింగులు వేయిస్తే సరిపోవచ్చు. మిగిలిన సొమ్ము చాచా బ్యాటరీకి వస్తుంది.

మార్చిలో కాయ దిగకముందే అడిగిన ఇద్దరూ తమ బండ్లను మామూలుగా వేసే బరువు వేసుకుని కాటాకు తీసుకురావాలి. చాచా బండిని మొదట తూస్తాం.