నావ యెక్కువాని పరిగ్రహ పరిమాణము

ఇల్లును పొలమును విక్రయించి, తెరచాప పడవలోనే కాపురముండుటకు సిద్ధపడు కుటుంబములు నేడు పలు దేశములలో కలవు. సముద్రమునకు దూరముగ నున్న బళ్లారి సీమవారికి ఇది వింతగా తోచవచ్చును. అయినను గృహస్థుని అయిదవ అణువ్రతమైన పరిగ్రహ పరిమాణమును గ్రహించుటకు ఇది చక్కని దృష్టాంతము.

శాస్త్రము పరిగ్రహములను లెక్కించునపుడు క్షేత్రమును, వాస్తువును, అనగా పొలమును, ఇంటిని మొదట చెప్పును. పిమ్మట బంగారము, ధనధాన్యములు, పాత్రవస్త్రాదులు వచ్చును. పడవలో నివసింపగోరువాడు మొదటి రెంటిని విడువవలెను. తక్కినవానికి పడవయే హద్దు విధించును. బరువు మించినచో పడవ నీటిలోనికి దిగి మందగించును. తుపానులో ప్రాణమునకే ముప్పు కలుగును. కావున ప్రతి వస్తువును చేతబట్టి, ఇది లేక జరుగదా యని ఆతడు ఆలోచింపవలసి యుండును.

భారత నౌకాదళమునకు చెందిన తారిణి యను 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు స్త్రీలు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, ప్రపంచమును చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య తెలుగు ఆడపడుచులు. వారు ఆస్తిని త్యజించి పోయినవారు కారు, ఉద్యోగధర్మమున పోయినవారు. ఐనను 254 దినముల యాత్రలో ఆరుగురికి కావలసినదంతయు ఆ 55 అడుగులలోనే ఇమిడెను.

తుంగభద్రపై పుట్టి నెరిగినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. సుమారు 1520లో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బుట్టవలె గుండ్రనై వెలుపల తోలు కప్పిన ఈ పడవలు పదునైదుగురు మొదలు ఇరువదిమంది వరకు మోయునని వ్రాసెను. అంతకు మించి ఎక్కించినచో ఏమగునో పుట్టి నడుపువానికి తెలియును. ఇంటికి మాత్రము అట్టి హద్దు కంటికి కనబడదు. ఎంత కూర్చినను ఇల్లు మునుగదు. అందుచేతనే గృహస్థుడు తన హద్దును తానే వ్రతముగ గీసికొనవలెను.

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద శ్రావకుడు అట్లే చేసెను. మహావీరస్వామి సన్నిధిని ఆతడు తన పొలమును 500 నాగళ్లకు, దూరయాత్రా నావలను నాలుగింటికి, దగ్గరి నావలను నాలుగింటికి పరిమితము చేసికొనెను. భూమికే కాక నావకును ఆతడు హద్దు పెట్టెనని గమనింపవలెను. పొలమమ్మి పడవ కొన్నవాడు అంతకంటె పెద్ద పడవకై నిద్ర మానినచో వస్తువు మారినదే గాని పరిగ్రహము తగ్గలేదు. ఏలయన ఉమాస్వామి ఆచార్యులు మూర్ఛనే, అనగా మమకారమునే, పరిగ్రహమని నిర్ణయించిరి.

ఆనందుడు తొందరపడలేదు. వ్రతములతో పదునాలుగేండ్లు గడపిన పిమ్మట, బంధువుల యెదుట జ్యేష్ఠపుత్రునికి ఇంటిభారమప్పగించి పోషధశాలకు వెడలెను. తనపై ఆధారపడినవారిని నడిరేవున విడుచుట త్యాగము కాదు. వృద్ధులైన తలిదండ్రులకు, అప్పిచ్చినవారికి, పాలికాపులకు తగిన యేర్పాటు చేసిన తరువాతనే పొలము విడువదగును.

విడుచుటకును పోగొట్టుకొనుటకును భేదమున్నది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరగా, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరెను. ఆ యేడే హోస్పేట చెంత తుంగభద్ర జలాశయమున నీరు నిలువసాగెను. సుమారు 90 గ్రామములు మునిగి, 50 వేలకు పైగా జనులు స్థలము మారవలసి వచ్చెను. ఆ జలము నేటికిని పొలములను తడుపుచున్నది. ఐనను తరతరముల పొలము కన్నుల యెదుట మునిగినవారి దుఃఖమును త్యాగమని పిలుచుట న్యాయము కాదు. వారి ఇష్టమును ఎవరును అడుగలేదు. ఇష్టముతో, ఎరుకతో, హద్దు నిర్ణయించుకొని విడిచినదే వ్రతమగును. అట్టి యవకాశము చేతిలో నున్నవారు దానిని వాయిదా వేయరాదు.

స్వాధ్యాయ ప్రశ్నలు

1. పుట్టికి గల హద్దు ఇంటికి ఏల కనబడదు?

2. ఆనంద శ్రావకుడు నావలకు సైతము పరిమాణమేల పెట్టెను?

3. ఈ సంవత్సరము తమ యింట ఏ మూడు వస్తువులకు పరిమాణము నిర్ణయింపవచ్చును? అందువలన ఇంటివారిలో ఎవరికైన కష్టము కలుగునా?