ఉపవాసము: మానిన అన్నము ఎవరికి?



మన ప్రాంతములో ఉపవాసము ఎవరికీ క్రొత్త కాదు. శివరాత్రికి వేములవాడలో జాగరణ చేసేవారిని చూస్తున్నాము. రంజాను నెలలో పగలంతా మంచినీళ్ళు సైతము ముట్టని ముస్లిము సోదరులు మన ప్రక్కనే ఉన్నారు. మరి మనకు శ్రీసభ విధించినది ఎంత?

కరీంనగరులో లతీను సంప్రదాయమువారు విభూతి బుధవారమున, మంచిర్యాల కేంద్రముగా గల ఆదిలాబాదు మేత్రాసనపు సీరో మలబారువారు అంతకు రెండు రోజుల ముందే సోమవారమున తపస్సుకాలము మొదలుపెడతారు. 1983 నాటి లతీను శ్రీసభ చట్టము ప్రకారము తప్పనిసరి ఉపవాస దినములు రెండే: విభూతి బుధవారము, పవిత్ర శుక్రవారము. 18 ఏండ్లు నిండినది మొదలు 59 నిండేవరకు ఈ నియమము వర్తిస్తుంది. మాంసము మానుట 14 నిండినవారందరికీ.

ఇంత చిన్న నియమమునకూ మనము దొడ్డిదారి వెదకుతాము. శుక్రవారము కోడికూర మాని, గోదావరి చేపల పులుసుతో రెండింతలు తినేవారున్నారు. నియమము తప్పలేదు, నిజమే. కాని ఆకలి ఏదీ? నలభై రోజులు కల్లు మాని పాస్కా పండుగ సాయంత్రమే బాకీ తీర్చుకొనేవారి సంగతి చెప్పనక్కరలేదు.

వెయ్యి బీడీల లెక్క పూర్తిచేయాలని సిరిసిల్లలోనో కోరుట్లలోనో ఒక తల్లి మధ్యాహ్నపు అన్నము మానితే, అది ఉపవాసము కాదు, లేమి. ఉపవాసమంటే ఉన్నవాడు ఇష్టపూర్వకముగా మానుట. సింగరేణి గనిలోకి దిగేవారు, గర్భిణులు, చక్కెర వ్యాధిగ్రస్తులు ఆరోగ్యము చెడగొట్టుకొనవలదు. సందేహమున్నచో మీ విచారణ గురువును అడగండి.

యెషయా 58వ అధ్యాయము తెరచి ఇంటిల్లిపాది చదవండి. ఉపవాసమున్నా దేవుడు చూడలేదేమని ప్రజలు అడిగారు. ఆ దినముననే మీరు పనివారిని పీడిస్తున్నారు గదా అని ప్రభువు జవాబు. ఆకలిగొన్నవానితో అన్నము పంచుకొనుటే ఆయన కోరిన ఉపవాసము. 5వ శతాబ్దములో రవెన్నా పీఠాధిపతియైన పునీత పీటర్ క్రిసోలోగసుగారు కూడ జపమును, దయను, ఉపవాసమును విడదీయరాదని బోధించారు. మానిన అన్నము మన గిన్నెలోనే మిగిలితే అది పొదుపు మాత్రమే.

కనుక ప్రతి శుక్రవారము మానిన కూర ఖరీదు ఒక డబ్బాలో వేయండి. పిల్లల చేత వేయించండి. ఆ సొమ్ము గుడి రంగులకు వద్దు. మీ వాడలో ఏ ఇంట పొయ్యి వెలుగుట లేదో మీ ఇల్లాలికి తెలుసు, ఆమెనే అడగండి. అన్నట్టు, ఆమె ఏడాది పొడుగునా అందరి తరువాత మిగిలినది తింటుంది. ఈ తపస్సుకాలములో ఆమెకు ముందు వడ్డించండి.